పండుగప్ప గాలంలో మీకు కలిసివచ్చిన నిర్ణయం ఏది?

ప్రశ్న: కావలి వాసి

అందరికీ నమస్కారం. తుమ్మలపెంట వైపు ఉప్పుటేరులోనూ, బకింగ్‌హాం కాలువలోనూ 4 ఏళ్లుగా పండుగప్ప కోసం గాలం వేస్తున్నాను. చేపలు పట్టడం నా వృత్తి కాదు. సెలవు రోజున, వీలైతే రాత్రిపూట, నీటి ఒడ్డున గడపడం నాకు అన్నింటికన్నా ఇష్టమైన పని. మొదటి రెండేళ్లలో నాకు దొరికినవి మూడే చేపలు, మూడూ కిలో లోపువే. ఆ రెండేళ్లలో గాలపు కర్ర రెండుసార్లు మార్చాను, రీలు మార్చాను, చెన్నై నుంచి రంగురంగుల కృత్రిమ ఎరలు తెప్పించుకున్నాను, అయినా ఫలితంలో మార్పేమీ రాలేదు. మూడో ఏడు మొదట్లో తీసుకున్న ఒక్క నిర్ణయంతో పరిస్థితి మారింది కనుక ముందుగా దాన్ని చెప్పి, ఆ తరవాత నా ప్రశ్న అడుగుతాను.

మా కాలువ మీద ఒక వంతెన ఉంది. దాని మీది వీధిదీపం వెలుగు రాత్రిపూట నీటి మీద పడుతుంది, ఆ వెలుగుకు చిన్న చేపలూ రొయ్య పిల్లలూ చేరతాయి. చేపలు కనబడుతున్న చోటే కదా ఎర వేయాలి అనుకుని నేను ఎప్పుడూ వెలుగు నడిమధ్యకే విసిరేవాణ్ని. ఒక రాత్రి మాత్రం గాలం వేయకుండా, పోటు నిండిన దగ్గరినుంచి నీరు బాగా తీసేదాకా ఒడ్డున కూర్చుని ఊరికే చూడాలని నిశ్చయించుకున్నాను. గాలం చేతిలో ఉంటే కళ్లు దారం మీదే ఉంటాయి గనుక దాన్ని ఇంట్లోనే వదిలి వెళ్లాను. ఆ మూడు గంటల్లో పండుగప్ప నోటితో ఎరను గుంజుకున్నప్పుడు వచ్చే ‘టప్’ మనే చప్పుడు పదకొండుసార్లు వినిపించింది. వాటిలో ఒక్కటి కూడా వెలుగు మధ్యలోనిది కాదు. అన్నీ వంతెన నీడ మొదలయ్యే గీత దగ్గర, అది కూడా ప్రవాహం వచ్చే వైపునే. చేప చీకట్లో నీటికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడుతుంది. వెలుగులోంచి కొట్టుకువచ్చే రొయ్య దానికి స్పష్టంగా కనిపిస్తుంది, రొయ్యకు మాత్రం చీకట్లో ఉన్నది కనిపించదు. అప్పటినుంచి నేను వెలుగుకు ఎగువన ఎర వేసి, ప్రవాహంలో దాని మానాన దాన్ని జారనిచ్చి, నీడ గీతను దాటేలా చూస్తున్నాను. తరవాతి రెండేళ్లలో పద్నాలుగు పండుగప్పలు దొరికాయి, వాటిలో పెద్దది నాలుగున్నర కిలోలు తూగింది.

అమెరికా వాళ్ల బాస్ వేట వీడియోలు మనలో చాలామంది చూస్తుంటారు, నేనూ చూస్తాను. వాళ్లు ఎక్కువగా పట్టే పెద్దనోటి బాస్ మంచినీటి చేప. మన పండుగప్ప ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య తిరిగే చేప. ఇంగ్లీషులో దీన్ని సీబాస్ అంటున్నా రెండూ వేరువేరు కుటుంబాలవి. అయితే రెండూ మాటు వేసి మింగే చేపలే కనుక వాళ్లు చెప్పే మాటల్లో కొన్ని మనకు పనికివస్తాయి, కొన్ని ఎంతమాత్రం పనికిరావు.

ఏ రీలు కొనాలి అన్నది నా ప్రశ్న కాదు. గాలం వేసే చోటు, వేళ, ఎర, చేప తగిలాక దాన్ని ఒడ్డుకు చేర్చే పద్ధతి, వీటిలో మీరు ఆలోచించి చేసిన ఏ మార్పు వల్ల మీకు నిజంగా ఫలితం కనిపించింది? ముఖ్యంగా నాకు తగిలిన ప్రతి మూడు చేపల్లో రెండు తప్పించుకుపోతున్నాయి. దాని గురించి తెలిసినవారు వివరంగా రాస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.


జవాబు: కొత్తపట్నం మాస్టారు

మీరు గాలం ఇంట్లో పెట్టి వెళ్లిన సంగతి చదివి చాలా సంతోషించాను. నేను గుండ్లకమ్మ సముద్రంలో కలిసే చోటా, కొత్తపట్నం చుట్టుపక్కల ఉప్పు కాలువల్లోనూ 18 ఏళ్లుగా గాలం వేస్తున్నాను. బడిలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని కనుక ప్రతిదీ రాసిపెట్టుకునే అలవాటు ఉంది. తిథి, గాలి వచ్చే వైపు, నీటి రంగు, పోటు నిండిన వేళ, చేప తగిలిన వేళ, అన్నీ ఒక నోటుపుస్తకంలో రాస్తాను. అయితే మొదటి అయిదేళ్లు ఆ పుస్తకం నన్ను తప్పుదారి పట్టించింది. ఎందుకంటే చేప దొరికిన రోజులను మాత్రమే రాసేవాణ్ని. దాని ప్రకారం తెల్లవారుజామే మంచి వేళ అని తేలింది, నేను కూడా దాన్నే నమ్మి ఇతరులకు చెప్పాను. ఆరో ఏడు నుంచి ఏమీ దొరకని రోజులను కూడా అంతే శ్రద్ధగా రాయాలని నిర్ణయించుకున్నాను. ఏడాది తిరిగేసరికి నా తప్పు నాకే కనిపించింది. నాకు చేపలన్నీ తెల్లవారుజామున దొరకడానికి కారణం నేను తెల్లవారుజామున మాత్రమే వెళ్లడం. అలా వెళ్లిన రోజుల్లో నీరు ఎక్కుతున్న రోజులన్నీ దాదాపు ఖాళీ, నీరు తీస్తున్న రోజుల్లోనే చేపలు.

మా వైపు నీరు తీసే వేళను పాటు అంటారు. పోటు ఎక్కినప్పుడు నీరు మడ చెట్ల వేళ్ల మధ్యకూ, గడ్డిలోకీ, పల్లపు కయ్యల్లోకీ పరుచుకుంటుంది. రొయ్యలూ చిన్న చేపలూ ఆ నీటితో పాటే లోపలికి వెళ్లి దాక్కుంటాయి, అంత విస్తీర్ణంలో పండుగప్ప ఎక్కడుందో మనం కనిపెట్టలేము. నీరు తీయడం మొదలయ్యాక అవన్నీ బయటికి రావలసినది మూరెడు వెడల్పు పిల్ల కాలువల గుండానే. పండుగప్ప ఆ పిల్ల కాలువ పెద్ద కాలువలో కలిసే చోట, కాస్త లోతుగా కోసుకుపోయిన గుంతలో కాచుకుని ఉంటుంది. అంతకుముందు నేను పోటు నిండగానే ఆ రోజు పని అయిపోయిందని సామాను సర్దుకునేవాణ్ని. ఇప్పుడు పోటు నిండే వేళకు ఇంటినుంచి బయలుదేరుతున్నాను. నా పుస్తకంలో ఉన్న చేపల్లో మూడొంతులకు పైగా పాటు మొదలైన రెండు గంటల లోపు దొరికినవే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. సముద్రపు ఒడ్డున పాటు మొదలైన క్షణానే కాలువ లోపల నీరు తిరగదు. మొగకు, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటుకు, ఎంత దూరంగా ఉంటే అంత ఆలస్యమవుతుంది. మీ వంతెన దగ్గర ఆ తేడా ఎంతో ఒక పుల్ల గుచ్చి రెండు మూడు సార్లు మీరే చూసుకోవాలి. ఒకసారి తెలిస్తే తరవాత లెక్క సులభం, పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది. మన తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా పోటుకూ పాటుకూ మధ్య ఎత్తు తేడా మీటరుకు అటూ ఇటూగానే ఉంటుంది గనుక, అష్టమి రోజుల్లో నీటి కదలిక ఉందో లేదో అన్నట్టు ఉంటుంది. అందుకే నేను అష్టమికి ముందూ వెనకా వెళ్లడం మానేసి, అమావాస్య పౌర్ణమి రోజులనే నమ్ముకున్నాను.

వానల కాలపు సంగతి కూడా కలిపి చెబుతాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాలు. ఏటికి ఎర్రనీరు వచ్చిన రోజున వెళితే ప్రయాసే తప్ప ఫలితం ఉండదు, పైగా ఆ వేగంలో కాలు జారితే ప్రాణానికే ముప్పు. నాలుగైదు రోజులు ఆగితే ఎర్రనీరూ సముద్రపు తేట నీరూ కలిసే చోట ఒక గీత స్పష్టంగా ఏర్పడుతుంది. ఆ గీత వెంబడి, మట్టినీటి వైపు పండుగప్ప నిలబడుతుంది. మీ వంతెన నీడ చేసే పనిని అక్కడ మట్టినీరు చేస్తుంది. వేసవిలో మొగ ఇసుక మేట వేసి మూసుకుపోయినప్పుడు ఈ లెక్కలేవీ చెల్లవు, అప్పుడు చోటు మార్చడం ఒక్కటే దారి.


జవాబు: ముత్తుకూరు రైతు

మాస్టారు వేళ గురించి చెప్పారు కనుక నేను ఎర గురించి రాస్తాను. కృష్ణపట్నం దగ్గర సముద్రంలో కలిసే కండలేరు ఉప్పుటేరుకు దగ్గరలో మాకు రొయ్యల గుంటలు ఉన్నాయి. గుంట పట్టుబడి రోజున, అంటే పెరిగిన రొయ్యలను పట్టే రోజున, నీటిని కిందికి వదులుతాం. వల దగ్గర ఎంత జాగ్రత్త పడినా ఆ నీటితో కొన్ని రొయ్యలు కాలువలోకి పోతూనే ఉంటాయి. పనివాళ్లు నష్టం గురించి మాట్లాడుకుంటుండగా నేను ఒకసారి కాలువ కలిసే చోటికి నడిచి వెళ్లి చూస్తే, మోకాలి లోతు నీటిలో పండుగప్పలు వీపులు పైకి తేలేలా తిరుగుతున్నాయి. అప్పటినుంచి మా గుంటలే కాక చుట్టుపక్కల ఎవరి పట్టుబడి ఎప్పుడో ముందుగా అడిగి తెలుసుకుని, వాళ్ల అనుమతితో ఆ కాలువ కలిసే చోట సాయంత్రం నుంచే ఉంటున్నాను. మాస్టారు చెప్పిన పాటు వేళా, పట్టుబడి నీరూ ఒకేసారి కలిసివస్తే అంతకు మించిన అవకాశం నాకు తెలిసి మరొకటి లేదు.

బతికున్న రొయ్యకు ఉన్న ఆకర్షణ ఏ ప్లాస్టిక్ ఎరకూ ఉండదన్నది నా గట్టి అభిప్రాయం. అయితే రొయ్యను బతికించి ఉంచడమే కష్టం. మొదట్లో బకెట్ నిండా రొయ్యలు వేసుకుని వెళ్లేవాణ్ని, గంటకల్లా సగం చచ్చి నీరు చెడిపోయేది. గుంటలో పాటించే జాగ్రత్తనే బకెట్‌లోనూ పాటించాలని అప్పుడు తోచింది. గుంటలో రొయ్యలు ఎక్కువైతే ప్రాణవాయువు చాలదని ఏరియేటర్లు తిప్పే మనం బకెట్‌లో మాత్రం ఆ సంగతి మరిచిపోతున్నాం. ఇప్పుడు పదిహేను ఇరవై రొయ్యలకు మించి తీసుకువెళ్లను. అక్వేరియంలో వాడే చిన్న బ్యాటరీ గాలి పంపు పెడతాను, బకెట్ చుట్టూ తడి గోనెసంచి చుడతాను. గోనె ఆరుతున్న కొద్దీ లోపలి నీరు చల్లబడుతుంది, చల్లటి నీటిలో ప్రాణవాయువు ఎక్కువ నిలుస్తుంది. తెల్లవారేదాకా రొయ్యలు చురుకుగా ఉంటాయి. గాలానికి గుచ్చేటప్పుడు తలలో నల్లగా కనిపించే మచ్చకు తగలకుండా, దాని ముందు భాగంలో, కొమ్ము మొదట్లో గుచ్చాలి. ఆ మచ్చకు తగిలితే రొయ్య వెంటనే చచ్చిపోతుంది. ప్రవాహం ఎక్కువగా ఉంటే తోక దగ్గర గుచ్చినా నడుస్తుంది.

మరొక నిర్ణయం గురించి అందరూ ఆలోచించాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. తెల్లమచ్చ అనే వైరస్ జబ్బు వచ్చిన గుంటలోని రొయ్యలు ఊరికే ఇస్తారు, చవకగానూ దొరుకుతాయి. వాటిని నేను ఎరగా వాడను, ఎవరికీ ఇవ్వను. ఆ వైరస్ రొయ్యలకే కాక పీతలకు కూడా అంటుకుంటుంది. దాన్ని మనం ఉప్పుటేరులో వేస్తే అక్కడి రొయ్యలకూ పీతలకూ సోకి, అదే నీటిని తోడుకునే మరో రైతు గుంటకు చేరుతుంది. ఒక పండుగప్ప కోసం పక్క రైతు పంట పోకూడదు. జబ్బు గుంట నీటిని శుద్ధి చేయడానికి బ్లీచింగ్ కలుపుతారు కనుక ఆ నీరు వదిలిన చోట చేప కూడా నిలవదు.


జవాబు: మైపాడు ఆడపడుచు

కావలి అన్నయ్యా, తప్పించుకుపోయే చేపల గురించి మీరు అడిగినదానికి నేను సమాధానం రాస్తాను. మా నాన్న కర్రా రీలూ లేకుండా చేతి గాలంతోనే పండుగప్ప పట్టేవాడు, తగిలిన చేపను పోగొట్టుకోవడం ఆయన దగ్గర చాలా అరుదు. నేను రీలుతో మొదలుపెట్టాక నాకూ మీలాగే మూడింట రెండు పోయేవి. తేడా ఎక్కడుందో తెలుసుకోవడానికి నాలుగు సెలవులు ఆయన పక్కన కూర్చుని, చేప తగిలిన క్షణం నుంచి ఆయన చేతులను మాత్రమే గమనించాను.

ముందుగా దారం గురించి చెబుతాను. పండుగప్పకు కొరికే కోరపళ్లు లేవు, నోటి అంచులు ఆకురాయిలా గరుకుగా ఉంటాయి. అసలు ప్రమాదం మొప్ప డొప్పలో ఉంది. దాని అంచు కత్తిలా పదునుగా ఉంటుంది, చేప తల విదిలించినప్పుడు సన్నటి దారం ఆ అంచుకు తగిలితే తెగిపోతుంది. మా నాన్న గాలానికి పైన రెండు మూరల మందపాటి తంగూసు (నైలాన్ దారం) కట్టేవాడు. నేను చేప భయపడుతుందేమోనని గాలం దాకా సన్నటి దారమే వాడేదాన్ని. రాత్రివేళ, మసక నీటిలో చేప ఆ తేడాను పట్టించుకోదని అనుభవం మీద అర్థమైంది. ఇప్పుడు కొసకు 0.70 మిల్లీమీటర్ల తంగూసు మీటరున్నర కడుతున్నాను. ప్రతి చేప తరవాత దాన్ని వేళ్ల మధ్య జారవిడిచి చూసి, గరుకు తగిలితే ఆ మేరకు కోసేస్తాను. మొప్ప దగ్గర వేళ్లు పెట్టి చేపను ఎత్తవద్దని కొత్తవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను.

రెండోది, పండుగప్ప నీటి పైకి ఎగిరి తల విదిలించే క్షణం. అప్పుడు కర్రను పైకెత్తి బిగించి లాగడం నా అలవాటు. నాన్న మాత్రం చేప పైకి వస్తోందని దారం వంపును బట్టి ముందే గుర్తించి, చేతిని నీటి వైపు చాచి దారాన్ని కొద్దిగా వదులు చేసేవాడు. గాలిలో ఉన్న చేపకు నీటి ఆసరా ఉండదు, బిగుతుగా ఉన్న దారం మీద అది తల విదిలిస్తే గాలం ఊడివస్తుంది. చేప నీటిలో పడగానే తిరిగి బిగించాలి. ఈ ఒక్క అలవాటు మార్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది, కాని నాకు కలిసివచ్చిన మార్పుల్లో ఇదే పెద్దది.

ఆ తరవాత కొస లోపలికి వంగి ఉండే గుండ్రటి గాలాలకు మారాను. వీటిని సర్కిల్ హుక్కులు అంటున్నారు. చేప ఎర మింగగానే మనం గట్టిగా గుంజితే ఈ గాలం నోటిలోంచి జారి వచ్చేస్తుంది. గుంజకుండా, దారం బిగుసుకునేదాకా ఆగి నెమ్మదిగా చుట్టుకుంటూ పోతే గాలం తనంత తానే నోటి మూలకు తిరిగి పట్టుకుంటుంది. గొంతులోకి దిగదు కనుక చిన్న చేపను బతికుండగానే వదిలేయడం సులభం.

మీరు వంతెన మీది నుంచి గాలం వేస్తున్నారో, కింద ఒడ్డు నుంచి వేస్తున్నారో రాయలేదు. వంతెన మీది నుంచి అయితే నాలుగు కిలోల చేపను దారంతో పైకి లాగడం దాదాపు అసాధ్యం, స్తంభానికి చుట్టుకోవడం కూడా తప్పదు. ఎర వేయకముందే, చేప తగిలితే దాన్ని ఎక్కడ ఒడ్డుకు చేర్చాలో చోటు చూసుకోవాలి. మంచి చోటైనా చేపను దించుకునే దారి లేకపోతే నేను అక్కడ గాలం వేయను.

మాస్టారి మాటను గౌరవిస్తూనే ఒక విషయంలో నా అనుభవం వేరని చెప్పాలి. మా కాలువ ఇరుకు. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో నీరు ఎంత జోరుగా తీస్తుందంటే ఎర అడుగున నిలవదు, బరువైన సీసం కడితే రొయ్య సహజంగా కదలదు, నాచు కొట్టుకువచ్చి దారానికి చుట్టుకుంటుంది. పున్నమి తరవాత విదియ, తదియ రోజులు మా చోటికి సరిపోతాయి. కాలువ వెడల్పును బట్టి ఎవరికి వారు చూసుకోవాలని నా మనవి.

ఒక్క మాట ఎక్కువైనా రాస్తాను. పండుగప్పల్లో చిన్నవి మగవి. కొన్నేళ్లు పెరిగాక అవే ఆడవిగా మారతాయి. పెద్ద చేప ఒక్కటి లక్షల గుడ్లు పెడుతుంది. పోయిన ఏడు ఏడు కిలోలు దాటిన చేప దొరికితే, మా ఇంట్లో అందరూ వద్దన్నా, నీటిలోనే ఉంచి గాలం తీసి, దాని తలను ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని, తనంత తాను కదిలాక వదిలేశాను. దాని ఖరీదు ఎంతో నాకు తెలుసు, అయినా ఆ నిర్ణయం మీద నాకు ఇప్పటికీ తృప్తి ఉంది.


జవాబు: కంభం చెరువు కట్ట

నేను సముద్రానికి దూరంగా ఉన్నవాణ్ని. మాకు పండుగప్ప లేదు, కొర్రమీను ఉంది. కాని బాస్ వేట పద్ధతుల్లో మన వైపు పనికివచ్చేవి ఏవి అన్న మాట వచ్చింది కనుక నా అనుభవం చెబుతాను. చెరువులో తూటికాడ, తామర దట్టంగా అల్లుకున్న చోటే కొర్రమీను ఉంటుంది, మామూలు గాలం వేస్తే ఆకుకో కాడకో తగులుకుని దారం తెగుతుంది. అందుకని చాలాకాలం తేటగా ఉన్న నీటిలోనే వేసేవాణ్ని, అక్కడ చేప ఉండదు. అమెరికాలో 1949లో నిక్ క్రీమ్ అనే ఆయన మెత్తటి ప్లాస్టిక్ వానపామును తయారుచేశాడు. బాస్ వేటగాళ్లు ఆ మెత్తటి ఎర శరీరంలోనే గాలం మొనను దాచి గడ్డి మధ్యకు విసరడం అలవాటు చేసుకున్నారు. చేప నొక్కినప్పుడే మొన బయటికి వస్తుంది. మొనలు వీపుకు ఆనుకుని ఉండే రబ్బరు కప్పదీ అదే సూత్రం. ఆ కప్పను తామరాకుల మీదుగా నెమ్మదిగా లాక్కొచ్చి, ఆకుల మధ్య ఖాళీ కనిపించిన చోట ఆపడం నేర్చుకున్నాను. అదే నాకు కలిసివచ్చింది. కొర్రమీను దాన్ని కొట్టగానే గుంజకూడదు, మనసులో రెండు అంకెలు లెక్కపెట్టి అప్పుడు లాగాలి.

కొర్రమీను గాలి పీల్చడానికి పైకి వచ్చే చేప. కట్ట మీద కదలకుండా పావుగంట నిలబడి ఎక్కడ బుడగ లేస్తోందో చూసుకున్నాకే విసురుతాను. ఎర్రటి పిల్లల గుంపు నీటి పైన సుడి తిరుగుతూ కనిపిస్తే మాత్రం అక్కడ గాలం వేయను. కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది, ఏది వేసినా కోపంతో కొడుతుంది, పట్టడం చాలా తేలిక. దాన్ని తీసుకుంటే ఆ గుంపును మిగతా చేపలు సాయంత్రానికల్లా తినేస్తాయి. మా చెరువులో నాతో వచ్చే ముగ్గురమూ ఈ కట్టుబాటు పెట్టుకున్నాం.

ముత్తుకూరు రైతు అన్న రాసిన ఎర మాటకు బలం చేకూర్చే సంగతి ఒకటి ఉంది. పెద్దనోటి బాస్‌లో 1932లో అమెరికాలోని జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టిన చేప బరువులో సాటిలేని ప్రపంచ రికార్డుగా 77 ఏళ్లు నిలిచింది. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా దానికి సమానమైన చేపను పట్టాడు, బరువు 10.12 కిలోలు. ఆయన వాడినది ఆ సరస్సులోనే ఉండే బ్లూగిల్ అనే చిన్న చేప, అది కూడా బతికున్నది.


కావలి వాసి

మీరందరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు కృతజ్ఞతలు. చెల్లెమ్మా, మీరు సరిగ్గా పట్టుకున్నారు. నేను ఇన్నాళ్లూ వంతెన మీది నుంచే వేస్తున్నాను, పోగొట్టుకున్న చేపల్లో ఎక్కువభాగం పైకి లాగేటప్పుడు జారినవే. నిన్న సాయంత్రం వెళ్లి చూస్తే వంతెనకు దిగువన, పడమటి గట్టు మీద, రాతి మెట్ల లాంటి చోటు ఒకటి కనిపించింది. అక్కడినుంచి విసిరినా ఎర వెలుగులోంచి నీడలోకి జారుతుంది, కాకపోతే చేపను ప్రవాహానికి అడ్డంగా లాగాల్సి వస్తుంది. మాస్టారు చెప్పినట్టు ఒక పుల్ల గుచ్చి నీటి తిరుగుడు కూడా గుర్తు పెట్టుకున్నాను. సముద్రపు ఒడ్డున పాటు మొదలైన గంటా పది నిమిషాలకు మా వంతెన దగ్గర నీరు తిరిగింది. ఇన్నేళ్లూ నేను చేప లేదని లేచి వచ్చేసిన వేళ అదేనని తెలిసి చాలా బాధ కలిగింది. రొయ్య ఎరకు గుండ్రటి గాలం ఏ సైజు వాడాలో చెప్పగలరా?


మైపాడు ఆడపడుచు

వేలెడు రొయ్యకు నేను 4/0 వాడుతున్నాను. గాలం మొనకూ కాడకూ మధ్య ఖాళీ రొయ్య శరీరంతో నిండిపోకూడదు, నిండితే చేప నోటికి పట్టుకోదు. రాతి మెట్ల దగ్గర నాచు పట్టి ఉంటుంది కనుక ఒంటరిగా వెళ్లవద్దు, పొడవాటి కర్ర ఉన్న చిక్కం తీసుకుని రెండో మనిషిని పక్కన ఉంచుకోండి. ప్రవాహానికి అడ్డంగా లాగవలసివస్తే తొందరపడకుండా, చేపను మీకు దిగువకు పోనిచ్చి, ఒడ్డు వారన నిదానంగా పైకి నడిపించుకుని రండి.


కొత్తపట్నం మాస్టారు

గంటా పది నిమిషాలన్నది ఒక్కరోజు లెక్క. అష్టమి నాడు ఒకసారి, పౌర్ణమి నాడు ఒకసారి మళ్లీ పుల్ల గుచ్చి చూడండి, తేడా మారవచ్చు. మైపాడు అమ్మాయి చెప్పిన విదియ తదియల మాట నా పుస్తకంలో ఇరుకు కాలువల పేజీలు మళ్లీ తిరగేసి చూశాను. నాకు అలాంటి చోట దొరికినవి తొమ్మిదే, అందులో ఆరు తదియ, చవితి నాటివి. పెద్ద మొగ దగ్గరి లెక్కను అన్ని చోట్లకూ వర్తింపజేయడం నా పొరపాటు. మీ కాలువ కూడా ఇరుకే అయితే మీరు పున్నమికి కాక తదియకే వెళ్లండి, ఏమీ దొరకకపోయినా వేళలు రాసి ఇక్కడ పెట్టండి.